మెహర్ ఆపా ఎర్ర బ్రేకులు

శుక్రవారం పొద్దున బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. కింద సందులోంచి ఒక వాసన పైకి వచ్చింది. ముక్కుకు చల్లగా తగిలి, గొంతులోకి చేదుగా దిగే వాసన. అదేమిటో గుర్తుకు రాకముందే మనిషి గుర్తుకు వచ్చింది. తొంగి చూస్తే, కింది అంతస్తులో ఉండే మలయాళీ అబ్బాయి అనీష్ తన కారును జాకీ మీద లేపి, ముందు చక్రం ఊడదీసి, బ్రేకు కాలిపర్‌ను స్ప్రేతో కడుగుతున్నాడు. పక్కన కాలిపర్‌కు వేయడానికి పసుపు పెయింటు డబ్బా ఉంది. పెళ్ళి కుదిరింది కదా, కారుకు కూడా సోకు కావాలి మరి. తడి బట్టలు బకెట్లోనే వదిలేసి గబగబా కిందికి దిగి, పలకరింపు కూడా లేకుండా అడిగాను: "భాయ్, డిస్క్ పే తేల్ తో నహీ లగాయా?" డిస్కుకు నూనె గానీ పూశావా అని. నాకేదో అయిందన్నట్టు చూశాడు. "నహీ దీదీ, తేల్ కౌన్ లగాతా హై?" అన్నాడు. నిజమే, ఎవరు పూస్తారు? మా మెహర్ ఆపా తప్ప.

మెహరున్నీసా ఆమె పూర్తి పేరు, ఆపా అంటే అక్క. మాది జగిత్యాల, ఆమెది బోధన్. నేను పెళ్ళయి బహ్రెయిన్ వచ్చిన కొత్తల్లో బుసైతీన్‌లోని ఈ బిల్డింగులోనే మా ఎదురు వాటాలో ఉండేది. మా ఆయన హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో డ్యూటీకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. మాట్లాడే దిక్కులేక నేను టీవీతో పోట్లాడుకునేదాన్ని. ఒకరోజు ఆపా తలుపు కొట్టి, ఎదురుగా నిలబడి, "నీ పోపు వాసన మా ఇంట్ల దాంక వస్తున్నది. ఎవలో మనోళ్ళే అనుకున్న. ఏ ఊరు బిడ్డా?" అని అడిగింది. ఊరు కాని ఊళ్ళో ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమె లోపలికి వచ్చి, నేను ఏడుస్తుంటే ఓదార్చకుండా, పొయ్యి మీద మాడిపోతున్న పప్పును దించింది. ఆమె పద్ధతి అంతే. ముందు మాడుతున్నది దించాలి, ఏడుపు సంగతి తరువాత.

ఆమె భర్త రఫీక్ భాయ్ ఒక అరబ్బు ఇంట్లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా పనిచేశాడు. మోకాళ్ళు అరిగిపోయి ఆ పని మానేశాక, తెలిసినవాళ్ళ కోల్డ్ స్టోరులో గల్లా దగ్గర కూర్చునేవాడు. ఇక్కడ సందుకొకటి ఉండే కిరాణా కొట్టును అలాగే అంటారు. అసలు ఇల్లు నడిచేది మాత్రం ఆపా కారు మీద. బడివాళ్ళ అనుమతి తీసుకొని, చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలను పొద్దున బడికి చేర్చి మధ్యాహ్నం తిరిగి తెచ్చేది. ఏడు సీట్ల పాత తెల్ల కారు అది. నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతున్న కూతురి ఫీజులు కూడా ఆ కారులోంచే పుట్టాలి. కారుకు ఆపా ఇచ్చే మర్యాద చూస్తే నవ్వొచ్చేది. తాళం తిప్పే ముందు బిస్మిల్లా అనుకునేది, ఇంజను ఆపాక దాని తలమీద చెయ్యి వేసి "షాబాష్" అనేది.

లైసెన్సు నాకు డ్రైవింగ్ బడిలో వచ్చింది గానీ, ధైర్యం మాత్రం ఆపా ఇచ్చింది. కార్డు చేతికొచ్చినా నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. ఆపా ఆ సంగతి పసిగట్టి, శనివారాలు సముద్రం పక్కన ఖాళీ జాగా దగ్గరికి తీసుకెళ్ళి, తాళాలు నా చేతిలో పెట్టేది. నేను వణుకుతూ, "ఆపా, నాకు భయమైతుంది" అంటే, "మంచిది. భయం లేనోళ్ళ పక్కన నేను కూసోను" అనేది. నేను తప్పు చేస్తే అరిచేది కాదు. కానీ తప్పు చేసి, "రోడ్డు ఎత్తుపల్లాలుగున్నది, చెప్పు జారింది" అని నేను మొదలుపెడితే మాత్రం ఊరుకునేది కాదు. సాకులు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలోనే లేరు. "చెప్పు జారలే. నువ్వు చూస్కోలే. గంతే కదా. గా మాట అంటే నోరు పోతదా?" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. ఎవరికైనా మండుతుంది.

ఇక బ్రేకుల సంగతికి వస్తాను. బహ్రెయిన్‌లో ఇనుము అన్నది ఊరికే ఉండదు, సముద్రపు గాలికి తుప్పు పట్టి తీరుతుంది. కారు చక్రానికి ఉన్న కంతల్లోంచి చూస్తే లోపల మెరిసే గుండ్రటి డిస్కు కనిపిస్తుంది కదా, దాన్ని రెండువైపులా పిడికిలిలా పట్టుకొని ఉండే ఇనుప ముద్దే కాలిపర్. లోపలి ప్యాడ్లు అనే బిళ్ళలతో డిస్కును నొక్కి బండిని ఆపేది అదే. అది పైపైన తుప్పు పట్టినంత మాత్రాన బ్రేకు చెడిపోయినట్టు కాదు. కానీ ఆ ముక్క చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? మా బిల్డింగులోనే శ్రీలత గారని కాకినాడ ఆవిడ ఒకరుండేవారు. ఆమె కూతురు ఆపా కారులోనే వెళ్ళేది. ఒకరోజు పాపను ఎక్కిస్తూ ఆవిడ చక్రం దగ్గర వంగి చూసి, "ఏంటండీ ఇది? బ్రేకులన్నీ తుప్పు పట్టిపోయాయి! పిల్లల్ని ఎక్కించుకునే బండి ఇలాగేనా ఉంచుకునేది?" అని నలుగురు తల్లుల ముందు అనేశారు. ఆపా "చూస్తనమ్మా" అని మాత్రం అంది. సాయంత్రం చాయ్ తాగుతూ నాతో, "ఆమె తప్పేం లేదు. బిడ్డను పంపేటామె చూడాలె. ఎర్ర రంగు వేద్దాం. మంచిగ గోరింటాకు పండినట్టు ఉండాలె" అంది. భాయ్ మామీర్‌లో ఉన్న తమ్ముడి గదికి రెండు రోజులకని బయలుదేరుతూ, "నేనొచ్చినంక చేద్దాం" అన్నాడు. ఆగితే ఆమె ఆపా ఎందుకవుతుంది? శుక్రవారం పొద్దున్నే కొంగు బిగించింది. నేను వంతపాట.

రంగు వేయడం కంటే కడగడమే పెద్ద పని అని ఆ రోజే తెలిసింది. జాకీ వేసి, కింద దిమ్మలు పెట్టి, పానాతో చక్రం విప్పేసరికే ఇద్దరం చెమటతో తడిసిపోయాం. తీగ బ్రష్షుతో తుప్పు గీకాం. ఉప్పు కాగితంతో రుద్దాం. బ్రేకులు కడిగే స్ప్రే సగం కాలిపర్ మీదా సగం మా ముఖాల మీదా పడి డబ్బా ఖాళీ అయిపోయింది. కాలిపర్ తెల్లబడి మెరుస్తుంటే ఆపా దాన్ని చూసి, "గిది పుట్టినప్పుడు గిట్ల ఉండె కావచ్చు" అంది. ఇప్పుడు డిస్కు మీద రంగు పడకుండా కప్పాలి. కాగితం చుట్టి టేపు వేద్దామంటే, గాలిలోని తేమకు టేపు అంటుకోదు, వేసినంత సేపు పట్టకుండా ఊడిపోతోంది. అప్పుడు ఆపాకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. వాళ్ళమ్మ బోధన్‌లో దావత్‌లకు వంట చేసేదట. కట్టెల పొయ్యి మీద పెద్ద దేగ్ ఎక్కించే ముందు దాని అడుగుకు, చుట్టూ తడి మట్టి పూసేదట. వంటయ్యాక కడిగితే మసి మట్టితో సహా ఊడొచ్చేది, గిన్నె కొత్తదానిలా ఉండేది. "మట్టి పూస్తె ఇనుముకు గీతలు పడుతయి. నూనె పూద్దాం. రంగు పడ్డా అంటదు, బట్టతోని తుడిస్తె వచ్చేస్తది" అంది. మా ఇంట్లో కూడా గిన్నెలకు మట్టి పూసేవాళ్ళు కాబట్టి నాకు ఆ మాట వేదవాక్కులా తోచింది. పైకి పరుగెత్తి కొబ్బరినూనె సీసా తెచ్చాను. డిస్కుకు రెండువైపులా, పసిపిల్లకు తలంటినంత శ్రద్ధగా పూశాం.

రంగు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఆరాక రెండో పూత వేశాం. డిస్కు మీద పడిన చుక్కలు ఆపా చెప్పినట్టే బట్టకు ఊడొచ్చాయి. డిస్కును తళతళలాడేలా తుడిచాం. చక్రాలు బిగించి దూరంగా నిలబడి చూసుకొని మురిసిపోయాం. మేము వేసింది ముందు రెండింటికే. వెనకవి వచ్చే వారం అనుకున్నాం. శనివారం ఎండ తగ్గాక ఆపా, "ఒక రౌండు కొట్టి చూద్దాం రా" అంది. సందులో మనిషి నడిచేంత వేగంతో పోతున్నాం. చివర చెత్తకుండీ దగ్గర ఆపా బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. వెన్నలో కత్తి జారినట్టు మెత్తగా ముందుకే పోయింది. ఆపా గట్టిగా హ్యాండ్ బ్రేకు లాగింది. కుండీకి జానెడు దూరంలో ఆగాం. తరువాత ఆపా వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న పిల్లల సీట్లను చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

భాయ్ ఇంటికి వచ్చి విన్నాడు. "డిస్కుకు నూనె పూసిండ్రా? యా అల్లా! ప్యాడ్లు నూనె తాగినయి. ఇగ అవి పనికిరావు" అని నెత్తి పట్టుకున్నాడు. శనివారం సాయంత్రం కావడంతో ప్యాడ్లు అమ్మే తెలిసిన కొట్టు మూసేశారు. ఇక్కడ వారపు సెలవులు శుక్ర, శనివారాలు. తెల్లవారితే ఆదివారం, బడి ఉంది. భాయ్ కాసేపు ఆలోచించి, "రేపు జ్వరం అని చెప్పు. పొద్దుగాల్నే కొత్తవి వేపిస్త. ఎల్లుండి నుంచి మామూలే. ఖలాస్" అన్నాడు. నాకది ఎంతో తెలివైన ఉపాయంగా కనిపించింది. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ ప్రమాదం లేదు. నేనైతే జ్వరంతో పాటు దగ్గు కూడా చేర్చేదాన్ని. ఆపా ఒప్పుకోలేదు. "జ్వరమంటే శ్రీలతమ్మ చూసిపోనీకి వస్తది. నేను మంచంల పండుకొని మూలగాల్నా?" అంది ముందు నవ్వుతూ. భాయ్ నవ్వలేదు. "నువ్వే నూనె పూసిన్నని చెప్తె పిల్లలను పంపే ఇండ్లు పోతయి మెహర్. అసలే ఆమె తుప్పు అన్నది. పిల్ల ఫీజు కట్టే నెల ఇది" అన్నాడు. ఆపా దస్తీతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. తరువాత మెల్లగా, "ఎవల బిడ్డలను ఎక్కిచ్చుకుంటున్ననో వాళ్ళకు తెలవాలె కద. గా బండి ఎట్లున్నదో నాకు ఒక్కదానికే తెలిసి, వాళ్ళకు తెల్వకపోతె, అది వాళ్ళు నన్ను నమ్మినట్టు కాదు, నేను వాళ్ళ కండ్లు మూసినట్టు" అంది. ధైర్యంగా అన్న మాట కాదది. భయపడుతూనే అంది.

ముందు ఎవరికి ఫోన్ చేస్తుందోనని చూశాను. మెత్తటివాళ్ళతో మొదలుపెడుతుందనుకున్నాను. నేరుగా శ్రీలత గారికే చేసింది. స్పీకరులో పెట్టింది కాబట్టి మేమూ విన్నాం. "అమ్మా, రేపు బండి రాదు. బ్రేకుకు నూనె అంటింది. నేనే పూసిన, తెల్వక. రంగు వేసేటప్పుడు. ప్యాడ్లు మార్చినంక, భాయ్ నడిపి చూసినంక, నేను ఖాళీ బండి నడిపి చూసినంక మల్ల ఫోన్ చేస్త" అంది. "మీరేనా? బ్రేకులకి నూనె పూశారా?" అన్నారు శ్రీలత గారు. "అవునమ్మా." "ఇలాంటి మనిషి చేతిలోనా నేను ఇన్నాళ్ళూ మా పాపని పెట్టింది! ఇంక వద్దులెండి. మేం వేరే చూసుకుంటాం." ఫోన్ పెట్టేశారు. ఆపా దాన్ని మోకాలి మీద పెట్టుకొని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. మళ్ళీ తీసి, రెండో నంబరు నొక్కి, అవే మాటలు అదే వరసలో చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. ఒకరు నవ్వారు, ఒకరు తిట్టారు, ఒకరు పోనీలెండి అన్నారు. ఆ సాయంత్రం రెండు ఇళ్ళు పోయాయి.

భాయ్ కొత్త ప్యాడ్లు వేయించాడు, డిస్కులు కడిగించాడు, మోకాళ్ళ నొప్పితోనే నడిపి చూశాడు. బండి బాగైంది. కానీ సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ నెలలు ఆపాకు కష్టంగా గడిచాయి. కారు పని లేని వేళల్లో పెట్టీకోట్లు కుట్టి అమ్మింది. నాకు శ్రీలత గారి మీద కోపంగా ఉండేది. ఆవిడ లిఫ్టులో కనపడితే ముఖం తిప్పుకునేదాన్ని. ఆపాకు ఆ కోపం కూడా లేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "జ్వరమని చెప్పి ఉంటే ఈ బాధ ఉండకపోవు కద ఆపా?" అన్నాను. కుట్టు మిషను ఆపి, "ఉండకపోవు" అని ఒప్పుకుంది. "రోజు అదే అనుకుంట. ఫీజు కట్టే రోజు మస్తు అనుకున్న. కాని పొద్దుగాల పిల్లలు ఎక్కుతరు కద, అప్పుడు అనుకోను" అంది. మళ్ళీ మిషను తొక్కింది. గొప్ప మాట చెప్పానన్న గర్వం ఆమెలో ఏ కోశానా కనిపించలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం శ్రీలత గారు ఆపా తలుపు కొట్టారు. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను. ఆవిడ కూర్చోలేదు. కొత్త డ్రైవరు కారు వంతెన మీద ఇంకో బండిని రాసుకుందట. దెబ్బలేమీ తగలలేదు. పాపను ఆలస్యంగా దింపి, ట్రాఫిక్కు అని చెప్పి వెళ్ళిపోయాడట. వారం తరువాత అన్నం తింటూ పాపే మాటల్లో చెప్పిందట. "గీసుకుపోవడం ఎవరికైనా జరుగుతుందండీ. వారం రోజులు నేను అదే కారులో దాన్ని పంపాను, నాకేమీ తెలీకుండా. అది తలుచుకుంటేనే నిద్ర పట్టట్లేదు" అని, కాసేపు తటపటాయించి, "మీ బండి బాగోకపోతే మీరు చెప్తారు. ఆ రోజు నాకది అర్థం కాలేదు. సీటు ఉందా అండీ?" అని అడిగారు. నేనైతే ఒక మాటన్నా అనేదాన్ని. ఆపా లేచి ఆవిడ చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, "మీ పాప కూసునే కిటికి కాడి సీటు ఇంకెవరు గట్టిగ అడగలేదమ్మా. పోయేటప్పుడు బ్రేకులు చూసి పోండ్రి, మీకోసమే కద గంత రంగు వేసింది" అంది. శ్రీలత గారు నవ్వబోయి ఏడ్చారు. నేను చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయి, అక్కడ నేనూ ఏడ్చాను.

కూతురు చదువు పూర్తయి నిజామాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, ఆపా, భాయ్ బోధన్ వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆపా పిల్లలందరినీ నాకు అప్పగించింది. తల్లులు అభ్యంతరం చెప్పలేదు. ఎందుకంటే శ్రీలత గారే అందరికంటే ముందు సరే అన్నారు. బడివాళ్ళ కాగితాలు నా పేరు మీదికి మార్పించుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే కారు తీసేది నేనే. ఆపా బోధన్‌లో మనవరాలిని ఆడిస్తూ, అప్పుడప్పుడు వీడియో కాల్‌లో సముద్రం చూపించమంటుంది. గొంతులో ఆయాసం పెరిగింది. వయసు అందరికీ వస్తుంది గానీ, ఆమెకు వస్తుంటే నాకు కోపంగా ఉంటుంది.

పోయిన చలికాలంలో నాకు బీపీ అని తేలి డాక్టరు కొత్త మాత్ర రాశారు. వేసుకున్న మరునాడు తెల్లవారుజామున లేచేసరికి గది గిర్రున తిరిగింది. గోడ పట్టుకొని నిలబడి, కాసేపట్లో తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. పిల్లలు బడికి తయారయ్యే వేళవుతోంది. నడపలేనని తెలిసిపోయింది. మా ఆయన ఫోన్ చేతికిస్తూ, "బండి స్టార్ట్ అయితలేదని చెప్పు. నీకే కండ్లు తిరుగుతున్నయంటే ఇగ నీ బండి ఎవలు ఎక్కుతరు?" అన్నాడు. ఆయన నా మంచికే అన్నాడు. అదీ నిజమే. బండి చెడితే బాగుచేయించుకోవచ్చు. నడిపే మనిషి మీద అనుమానం వస్తే దానికి ఏ గ్యారేజీ ఉంది? వేయి సాకులు పుట్టించగల నోరు నాది. ఆ పూట అందులో ఒక్కటీ తిరగలేదు. మంచం అంచున కూర్చొని ఒక్కో ఇంటికీ ఫోన్ చేశాను. "కారు బాగానే ఉందండీ. నాకే బాగాలేదు. కొత్త మందుకు కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు నడపమనే దాకా నేను నడపను." రెండో ఇంటికీ ఒక్క మాట తగ్గించకుండా అదే చెప్పాను. మూడో ఇంటివాళ్ళు సరేనని చెప్పి, సాయంత్రానికల్లా వేరే కారు మాట్లాడుకున్నారు. డాక్టరు మందు మార్చి, నడపవచ్చని చెప్పాక కూడా వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చివుక్కుమంటుంది. కానీ ఆ తెల్లవారుజామున ఆఖరి ఇంటికి చెప్పేసి, ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను. గది ఇంకా తిరుగుతూనే ఉంది. బయట వేరే కార్లు పిల్లలను ఎక్కించుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా నాకు నిద్ర పట్టింది.